ఏఎస్ ఉన్నవాళ్ల ఎక్స్‌రే స్కోర్: మూడేళ్లలో 14 కాస్తా 18 అయింది, భయపడాలా?

బెజవాడ_కుర్రాడు
అందరికీ నమస్కారం. వయసు 34. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (ఏఎస్, వెన్ను బిగుసుకుపోయే వాత జబ్బు) అని తేలి ఎనిమిదేళ్లు. హెచ్ఎల్ఏ-బి27 (ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యువు) పాజిటివ్. నేను చూపించుకునేది పెద్ద టీచింగ్ హాస్పిటల్లో. 2022లో అక్కడి జూనియర్ డాక్టర్ ఒకాయన తన థీసిస్ కోసం నా మెడ, నడుము ఎక్స్‌రేలు తీయించి ఫైల్లో "ఎంసాస్ 14/72" అని రాశారు. మొన్న మళ్లీ తీయించారు. ఈసారి వేరే జూనియర్ డాక్టర్, "18/72" అని రాశారు. ఏంటండీ ఇది అంటే "కొంచెం పెరిగింది, ఫర్వాలేదు" అని తర్వాతి పేషెంటును పిలిచేశారు. బయట రేడియాలజీ రిపోర్టులో మాత్రం పాతదానితో పోలిస్తే చెప్పుకోదగ్గ మార్పు లేదని ఉంది. రెండిట్లో ఏది నమ్మాలి? మూడేళ్లుగా ఇంజెక్షన్లు వాడుతున్నాను. అవి పని చేయడం లేదా? రెండు రాత్రులుగా నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది.

ఉప్మా_పెసరట్టు
మా వారికి కూడా ఏఎస్ అండీ, పదకొండేళ్లు. ఇలాంటి నంబర్ ఎప్పుడూ ఎవరూ రాయలేదు. "బ్యాంబూ స్పైన్ మొదలవుతోంది" (పూసలు కలిసిపోయి వెన్ను వెదురు గడలా అవడం) అని ఒక మాట రాశారంతే. ఇదేం స్కోరండీ? 72కి ఎంత వస్తే పాస్?

నాలుగో_ఫ్లోర్
మేడం, ఇందులో సున్నా వస్తే ఫస్ట్ క్లాస్ 🙂

నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ డేటా మీద ప్రోగ్రామింగ్ చేస్తాను (అవును, అమీర్‌పేటలో శాస్ అనే డేటా సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న బ్యాచే). ఏఎస్ మందుల ట్రయల్స్ రెండిటికి పని చేశాను కాబట్టి ఈ స్కోరుతో కొన్నేళ్లు కాపురం చేశాను. నాకు తెలిసింది రాస్తాను, తప్పుంటే డాక్టర్లెవరైనా దిద్దండి.

ఇంగ్లండ్‌లో స్టోక్-ఆన్-ట్రెంట్ అని ఒక ఊరుంది. పక్షవాతం "స్ట్రోక్" కాదు, స్టోక్. మొదటి స్కోరు అక్కడి పేరుతో వచ్చింది, అది నడుమును మాత్రమే చూసేది. తర్వాత దాన్ని మార్చి, పూసల వెనక వైపు వదిలేసి, మెడ కలిపారు. ఆ మార్చినదాన్నే ఎంసాస్ అంటున్నాం. ఇది 2005లో ప్రచురణ అయింది. ఇప్పుడు ట్రయల్స్‌లో దాదాపు అందరూ వాడేది ఇదే.

పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ఒక్కో పూస దాదాపు చతురస్రంలా కనిపిస్తుంది కదా. దాని ముందు వైపు, అంటే పొట్ట వైపు, పైన ఒక మూల, కింద ఒక మూల ఉంటాయి. ఆ మూలలనే లెక్కిస్తారు. (పూసల పేర్లలో సీ అంటే మెడ, టీ అంటే ఛాతీ, ఎల్ అంటే నడుము, ఎస్ అంటే నడుం కింది ఎముక.) మెడలో సీ2 కింది మూల నుంచి టీ1 పై మూల దాకా 12. నడుములో టీ12 కింది మూల నుంచి ఎస్1 పై మూల దాకా ఇంకో 12. మొత్తం 24. ఏమీ లేకపోతే 0. మూల అరిగినా, తెల్లగా గట్టిపడినా, గుంట పోయి పూస ముందు భాగం చదునైనా 1. మూల నుంచి ఎముక ముల్లులా పెరిగితే (సిండెస్మోఫైట్) 2. ఆ ముల్లు పక్క పూసను అందుకుని వంతెనలా కలిసిపోతే 3. 24 మూలలు ఇంటూ 3, అదీ మీ 72.

ఇక్కడ ఒక తిరకాసు. వంతెన ఒకటే అయినా రెండు మూలలకీ చెరో 3 పడుతుంది, అంటే ఒక్క వంతెనకి 6. అప్పటికే రెండు వైపులా ముళ్లు ఉండి (2+2) అవి కలిస్తే, స్కోరులో పెరిగేది 2 మాత్రమే. తమ్ముడి 4 పాయింట్లు ఎక్కడివో తెలియకుండా మంచీ చెడూ చెప్పలేం.

నిలువు_కర్ర
నేను వరంగల్. 58 ఏండ్లు. ఏఎస్ వచ్చి 30 ఏండ్లు దాటింది. నా నడుం, మెడ రెండూ కలిసిపోయినయి. మీ లెక్కన నాకు డెబ్బైకి దగ్గర్లో ఉంటది. పొద్దున లేవంగనే ఉండే ఆ బిగుతు, నొప్పి పదేండ్ల కిందనే పోయినయ్. ఇప్పుడు నొప్పి లేదు కానీ తల తిరగదు. కారు రివర్స్ తీస్తే మా మనవడు దిగి "రైట్ రైట్" అనాల్సిందే.

చెప్పొచ్చేదేందంటే, స్కోర్ ఎక్కువుంటే నొప్పి ఎక్కువ అనుకోకు తమ్మీ. నీ వయసులో నాకు ఎక్స్‌రేల ఏం లేకుండె, రాత్రి మూడింటికి లేచి ఇంట్ల తిరుగుతుంటి.

బెజవాడ_కుర్రాడు
థాంక్స్ అన్నా, థాంక్స్ బాబాయ్. అయితే మూడేళ్లలో 4 పెరగడం మామూలేనా? అందరికీ ఎంత పెరుగుతుంది?

రుమటాలజీ_పీజీ
వార్డ్ డ్యూటీ మధ్యలో రాస్తున్నా, అచ్చు తప్పులుంటే క్షమించండి.

నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్ పేషెంట్లతో "ఒయాసిస్" అని ఒక కోహార్ట్ (ఒకే గుంపును ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం) ఉంది. వాళ్లను 12 ఏళ్లు చూశారు. సగటున ఏడాదికి దాదాపు 1 పాయింట్ పెరిగింది. దయచేసి "సగటు" అన్న మాట దగ్గర ఆగండి. కొందరికి అన్నేళ్లలో ఏమీ పెరగలేదు, కొందరికి చాలా పెరిగింది. మగవాళ్లలో, బి27 ఉన్నవాళ్లలో వేగం ఎక్కువ. ఆ లెక్కన మూడేళ్లకి 4 పెరగడం వింత కాదు. కానీ నాకు అనుమానం వస్తున్నది అక్కడ కాదు. 2022లో చదివింది ఒకరు, 2025లో చదివింది ఇంకొకరు. అదీ అసలు పేచీ.

నా థీసిస్‌కి నేనూ లెక్కవేశాను. మొదటి వారం నేను 11 వేసిన ఫిల్మ్‌ని మా మేడం 8 అన్నారు. నెల తర్వాత అదే ఫిల్మ్ పేరు దాచి నా ముందు పెడితే 9 వేశాను. ముల్లు ఉందా లేదా అన్నచోట పెద్దగా గొడవ ఉండదు. ఆ "1" ఉంది చూశారూ, మూల తెల్లగా ఉందా, పూస చదునయిందా అన్నది, దాని దగ్గరే అందరం తన్నుకుంటాం.

ఇంకో సంగతి. ఈ స్కోర్ రోజువారీ ఓపీలో వైద్యం నిర్ణయించడానికి పుట్టింది కాదు, గుంపుల్ని పోల్చడానికి పుట్టింది. అందుకే రేడియాలజీ రిపోర్టులో మీకు ఈ నంబర్ కనపడదు. "చెప్పుకోదగ్గ మార్పు లేదు" అని రాసినాయన అబద్ధం చెప్పలేదు, ఆయన మూలలు లెక్కపెట్టలేదంతే.

నాలుగో_ఫ్లోర్
డాక్టరుగారు చెప్పింది మా డేటాలో కళ్లకు కనిపిస్తుంది. ట్రయల్‌లో ఒక్కరు చదివితే ఒప్పుకోరు. ఇద్దరు రీడర్లు విడివిడిగా చదువుతారు. పేషెంటు ఎవరో, ఏ మందు వాడారో, ఏ ఫిల్మ్ ముందుది ఏది వెనకదో ఏదీ చెప్పరు. ఇద్దరికీ బాగా తేడా వస్తే మూడో ఆయన్ని పిలుస్తారు. చివరికి సగటు తీస్తారు. 14.5, 0.5 లాంటి స్కోర్లు అలా పుట్టినవే. కొత్తగా చేరినప్పుడు 0.5 చూసి డేటా ఎంట్రీ తప్పనుకుని క్వెరీ వేశాను, టీమ్ లీడ్ నెల రోజులు ఏడిపించాడు.

ఏది ముందు తీసిన ఫిల్మో ఎందుకు దాస్తారంటే, తెలిస్తే మనిషి కన్ను "ఇది తర్వాతది, పెరిగే ఉంటుంది" అని వెతుకుతుంది. మీ 2025 జూనియర్ డాక్టర్ ముందు ఫైల్లో 14 అని రాసే ఉంది కదా, ఆలోచించండి.

డార్క్‌రూమ్
రాజమండ్రి. రేడియోగ్రాఫర్‌ని, 22 ఏళ్ల సర్వీసు. చదివేవాళ్ల గురించి అందరూ మాట్లాడుతున్నారు, తీసేవాడిని ఎవరూ తలుచుకోవట్లేదు 😀

మెడ లేటరల్ (పక్క నుంచి ఎక్స్‌రే) తీసేటప్పుడు భుజాలు అడ్డం వస్తాయి. మంచి కండ ఉన్న మనిషైతే సీ6 దాకా కనపడితే గొప్ప. సీ7 కింద మూల, టీ1 పై మూల భుజాల తెల్లదనంలో మునిగిపోతాయి. అందుకే రెండు చేతులకీ బరువులు ఇచ్చి, భుజాలు కిందికి దించమని, గాలి పూర్తిగా వదలమని చెప్పి, ఆ క్షణంలో తీస్తాం. మా దగ్గర ఇసుక సంచులు ఉండేవి. అవి చిరిగిపోయాక రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఇస్తున్నా. ఏఎస్ వాళ్లకి మెడ ముందుకు వంగి ఉంటుంది కాబట్టి ఇంకా కష్టం. రద్దీ ఎక్కువగా ఉన్న రోజు ఇదంతా ఎవరు చేస్తారు? "కదలకండి" అని బటన్ నొక్కేస్తారు.

ట్యూబ్ దూరం మారినా, మనిషి కొంచెం పక్కకి తిరిగినా మూలలు రెండేసి గీతలుగా కనిపిస్తాయి. అప్పుడు లేని ముల్లు ఉన్నట్టు, ఉన్న వంతెన లేనట్టు అవుతుంది. కాబట్టి బాబూ, రెండు ఫిల్ములూ కిటికీకి అడ్డం పెట్టి చూడండి. పక్కటెముక తగిలే చివరి పూస టీ12. అక్కడ నుంచి కిందికి లెక్కపెట్టండి. మెడలో మూలలు పన్నెండూ కనపడుతున్నాయా చెప్పండి.

బెజవాడ_కుర్రాడు
ఇప్పుడే చూశాను సార్. 2025ది సీడీ, ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంది. 2022 ఫిల్మ్ బీరువా మీద చాపలా చుట్టుకుపోయి ఉంది. తడిగుడ్డతో తుడిచి, మా అమ్మ రెండు చివర్లు పట్టుకుంటే బాల్కనీ వెలుతురులో చూశాను. నడుములో 12 మూలలూ ఉన్నాయి. మెడలో మాత్రం మీరన్నట్టే, పదే కనిపిస్తున్నాయి. కిందంతా తెల్లటి పొగలా ఉంది. అమ్మ అడుగుతోంది, "కనపడనివాటికి మార్కులు ఎలా వేశారురా?" అని.

నాలుగో_ఫ్లోర్
అమ్మగారు సరైన ప్రశ్న అడిగారు. మెడలోగానీ నడుములోగానీ మూడు మూలల దాకా కనపడకపోతే, ఆ భాగంలో కనపడినవాటి సగటు తీసి వాటికి వేస్తారు. అంతకంటే ఎక్కువ కనపడకపోతే ఆ భాగానికి స్కోరే ఇవ్వరు. మీ మెడలో కనపడిన పదీ సున్నాలేనా? అయితే మిగతా రెండూ సున్నాలే, మీకు తేడా రాదు. అదే మెడలో ముళ్లున్న మనిషైతే ఊహించిన మార్కులు వచ్చి కూర్చుంటాయి.

డల్లాస్_నుంచి
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా నాన్నగారికి 66, తెనాలిలో ఉంటారు, 20 ఏళ్ల షుగర్. ఛాతీ ఎక్స్‌రేలో పూసలన్నీ ముందు వైపు కలిసిపోయాయని చెప్పారు. ఎవరో ఏఎస్ అన్నారు. వెన్ను నొప్పి పెద్దగా లేదు. ఆయనకీ ఈ స్కోర్ వేయించాలా?

రుమటాలజీ_పీజీ
వేయించకండి. చూడకుండా నేను తేల్చలేను గానీ, ఆ వయసు, షుగర్, నొప్పి లేకపోవడం చూస్తే డిష్ అనే వేరే సమస్యను కూడా ఆలోచించాలి. అందులో ఛాతీ వెన్ను కుడి వైపున మైనం కారి గడ్డకట్టినట్టు ఎముక పేరుకుంటుంది. సేక్రోఇలియాక్ కీళ్లు, అంటే నడుం కింద తుంటి ఎముకకీ వెన్నుకీ మధ్య కీళ్లు, ఏఎస్‌లో ముందు పాడయ్యేవి అవే, డిష్‌లో సాధారణంగా బాగుంటాయి. పెల్విస్ ఎక్స్‌రే ఒకటి తీయించి రుమటాలజిస్టుకు చూపించండి. ఏఎస్‌లో ముల్లు సన్నగా నిలువుగా పెరుగుతుంది. వయసుతో వచ్చే అరుగుదలలో అడ్డంగా, కొక్కెంలా పొడుచుకొస్తుంది. ఈ రెండూ కలిపి లెక్కేస్తే స్కోరు ఊరికే పెరిగిపోతుంది.

అన్నట్టు ఛాతీ పూసలు ఎంసాస్‌లో లేవు. ఊపిరితిత్తులు, పక్కటెముకలు అడ్డం వచ్చి సరిగ్గా చదవలేం. ఏఎస్ పెరుగుదల ఎక్కువగా జరిగేచోటు ఛాతీ వెన్నే కావడం ఈ స్కోర్‌కి ఉన్న పెద్ద లోటు. తక్కువ డోస్ సీటీతో వెన్నంతా చూసే స్కోర్ ఒకటి వచ్చింది, 0 నుంచి 552 దాకా. మార్పును ఇంకా త్వరగా పడుతుంది. పరిశోధనల్లో వాడుతున్నారు. ఆ 552 చూసి ఎవరూ సీటీకి పరిగెత్తకండి.

హెర్బల్_మార్గం
[ఈ పోస్టును అడ్మిన్ తొలగించారు]

అడ్మిన్
"పది సిట్టింగుల్లో వెన్ను విడదీస్తాం" లాంటి ప్రకటనలు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. ఇది రెండోసారి. మూడోసారి ఉండదు.

ఫిజియో_అక్క
తీసేసి మంచి పని చేశారు. కలిసిపోయిన వెన్నును విరగ్గొట్టి సాగదీయించుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అది పొడుగాటి ఎముకలా పెళుసుగా ఉంటుంది, చిన్న దెబ్బకే విరుగుతుంది. కలిసిపోయిన పేషెంట్లు కాలు జారి పడితే, "మామూలు నొప్పే" అనుకోకుండా అదే రోజు చూపించుకోవాలి.

నిలువు_కర్ర
నా కథ అదే అమ్మా. బాత్రూంల కాలుజారి పడ్డ. దగ్గర్లో దవాఖానకు పోతే ఎక్స్‌రే తీసి "ఏం లేదు, కండరం పట్టేసింది" అని నొప్పి మాత్రలిచ్చి పంపిన్రు. నాలుగు రోజులు మెడ పట్టుకుని కూసున్న. చేతులు తిమ్మిర్లొస్తే ఇంకో చోట సీటీ తీసిన్రు, సీ6-సీ7 దగ్గర విరిగింది. ముప్పై ఏండ్ల సంది కలిసిపోయిన మెడ ఎక్స్‌రేల ఏది పాత గీత, ఏది కొత్త పగులు అని కండ్లకు దొరకదట. ఆపరేషన్ అయింది, బతికిన.

ఉప్మా_పెసరట్టు
అయ్యో పెద్దాయనా! మా బాత్రూంలో రేపే పట్టుకునే రాడ్ పెట్టిస్తాను.

ఇంకో ప్రశ్న. ఖరీదైన ఇంజెక్షన్లు వాడితే ఈ ఎముక పెరగడం ఆగుతుందా లేదా? ఒక డాక్టర్ ఆగుతుందన్నారు, ఇంకొకరు నొప్పికే అన్నారు.

రుమటాలజీ_పీజీ
ఇద్దరూ వాళ్లు చదువుకున్న కాలానికి సరిగ్గానే చెప్పారు 🙂 టీఎన్ఎఫ్ మందులు (వాపు పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు) వచ్చిన కొత్తలో రెండేళ్ల ఎక్స్‌రేలు ఆ మందులు వాడని పాత పేషెంట్లతో పోలిస్తే తేడా కనపడలేదు. "నొప్పి తగ్గుతుంది, ఎముక ఆగదు" అన్న మాట అప్పటిది. తర్వాత ఎక్కువ ఏళ్లు వాడినవాళ్లను, త్వరగా మొదలుపెట్టినవాళ్లను చూస్తే పెరుగుదల నెమ్మదించినట్టు కనపడింది. ఎముక చాలా నెమ్మదిగా కదులుతుంది, రెండేళ్ల కంటే ముందు పోల్చడం దండగ.

ఈ మధ్య, 2024లో ప్రచురించిన సర్పాస్ ట్రయల్ ఉంది. సెకుకినుమాబ్ (ఇంకో రకం ఇంజెక్షన్) నీ, అడాలిముమాబ్ అనే టీఎన్ఎఫ్ మందు బయోసిమిలర్‌ (అసలు మందుకు దాదాపు నకలు) నీ ముఖాముఖి పెట్టి రెండేళ్లు ఎంసాస్ చూశారు. రెండు వైపులా దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఏమీ పెరగలేదు. రెండిటి మధ్యా తేడా తేలలేదు. కాబట్టి "ఫలానా ఇంజెక్షన్ అయితే ఎముక ఆగుతుంది" అని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి.

బెజవాడ తమ్ముడికి ఒక ప్రశ్న, నిజం చెప్పాలి. సిగరెట్?

బెజవాడ_కుర్రాడు
...రోజుకి నాలుగు. మా అమ్మ ఈ థ్రెడ్ చదువుతోంది డాక్టరుగారూ.

రుమటాలజీ_పీజీ
మంచిదే, చదవనివ్వండి. జర్మనీలో గెస్పిక్ అనే కోహార్ట్‌లో ఎవరికి వెన్నులో ఎముక వేగంగా పెరుగుతుందని చూస్తే మూడు తేలాయి. మొదటి ఎక్స్‌రేలోనే ముళ్లు ఉండటం, సీఆర్‌పీ లేదా ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు) ఎక్కువగా ఉండటం, పొగ తాగడం. మొదటిది మన చేతిలో లేదు. రెండోది మందుల పని. మూడోది ఎవరి చేతిలో ఉందో నేను చెప్పక్కర్లేదు.

ఇక స్కోర్ సంగతి. తర్వాతి విజిట్‌లో రెండు సెట్లూ తీసుకెళ్లి, ఒకే డాక్టర్ని రెండూ పక్కపక్కన చదవమనండి. ఏ మూలకి ఎంత వేశారో కాగితం మీద రాయించుకోండి. మొత్తం నంబర్ కంటే ఆ కాగితం ముఖ్యం.

డార్క్‌రూమ్
ఆ ఫిల్మ్ మళ్లీ బీరువా మీద పెట్టకండి. కవర్లో పెట్టి నిలువుగా ఉంచండి.

బెజవాడ_కుర్రాడు (పదిహేడు రోజుల తర్వాత)
వెళ్లొచ్చాను. పెద్ద డాక్టరుగారు దొరకలేదు. 18 వేసిన జూనియర్ డాక్టరుగారే పది నిమిషాలు కూర్చుని రెండూ మళ్లీ చూశారు. లైట్ బాక్స్ మీద పాత ఫిల్మ్, పక్కన మానిటర్ మీద కొత్తది. మార్కులు కాగితం మీద వేశారు.

టీ12-ఎల్1 వంతెన పాతదాంట్లోనూ ఉంది, 6. ఎల్1-ఎల్2 రెండు ముళ్లు అప్పుడూ ఇప్పుడూ అంతే, 4. తర్వాత నాలుగు చోట్ల 1 చొప్పున 4. అక్కడికి 14, పాత డాక్టరుగారి లెక్క. ఎల్4 కింది మూల, ఎల్5 పై మూల "కొంచెం తెల్లగా ఉన్నాయి, నేనైతే పాతదాంట్లో కూడా 1 వేసేవాడిని" అన్నారు. అంటే ఆయన లెక్కలో 2022ది 16. నిజంగా కొత్తగా వచ్చింది ఒక్కటే, ఎల్4 పై మూలలో చిన్న ముల్లు. 0 నుంచి 2. అది చూపించారు, మల్లెమొగ్గ కొనంత ఉంది, నాకు చెబితే తప్ప కనపడలేదు. మెడ రెండిట్లోనూ సున్నా. కొత్తదాంట్లో సీ7 కూడా కనపడుతోంది, సున్నాయే.

సీఆర్‌పీ మామూలుగానే ఉంది. మందు మార్చలేదు. మళ్లీ ఎక్స్‌రే 2027లో చాలన్నారు.

సిగరెట్ రెండుకి దిగాను. అమ్మ లెక్కపెడుతోంది.

నాలుగో_ఫ్లోర్
రెండు పాయింట్లు ఎముకవి, రెండు పాయింట్లు కళ్లవి అన్నమాట. మా ఆఫీసులో చూపిస్తాను, పేరు లేకుండా, అభ్యంతరం లేకపోతే.

బెజవాడ_కుర్రాడు
చూపించండన్నా. ఒక సాయం కావాలి. 2025 సీడీ మా ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంది కానీ హాస్పిటల్ సిస్టమ్‌లో ఎంతసేపటికీ రాలేదు, చివరికి ల్యాప్‌టాపే తీసుకెళ్లి కేబుల్‌తో మానిటర్‌కి తగిలించాల్సి వచ్చింది. 2027 నాటికి ఇది తెరుచుకుంటుందా?

డార్క్‌రూమ్
సీడీని నమ్మకండి. లోపల "డైకామ్" (ఎక్స్‌రే, స్కాన్ బొమ్మలు దాచే ఫైల్ రకం) అని ఒక ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి, మెయిల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఏ డైకామ్ వ్యూయర్ అయినా తెరుస్తుంది. ఫోన్‌లో స్క్రీన్‌ని ఫొటో తీసి పెట్టుకుంటే మాత్రం మూలలు లెక్కకు రావు. పాత ఫిల్మ్‌ని కూడా దగ్గర్లో స్కాన్ చేసే సెంటర్ ఉంటే స్కాన్ చేయించండి, ఇప్పటికే చివర్లు చిట్లాయని చెప్పారు కదా.

బెజవాడ_కుర్రాడు
చిట్లాయని నేనెప్పుడు చెప్పాను సార్?

డార్క్‌రూమ్
బీరువా మీద మూడేళ్లు చుట్టి పెట్టానన్నారు. చెప్పక్కర్లేదు.